విసుగు రాకుండా, విసిగించకుండా వాక్యం బోధించడం ఎలా?

బైబిల్ స్టడీలో ఒక కుర్రాడు ప్రశ్న అడిగాడు. "అడుగుడి మీకియ్యబడును అని ఉంది కదా అన్నా. మేమంతా అడిగాం. మా అమ్మ బతకలేదు." ఆ రోజు నేను మంచి ఊపు మీద ఉన్నాను. ముందు యాకోబు 4:3 తీయించాను, తర్వాత 1 యోహాను 5:14, ఆ తర్వాత అపొస్తలుడు పౌలు తన శరీరంలోని ముల్లు (వదలని బాధ) తీసేయమని మూడుసార్లు వేడుకున్నా అది పోని భాగం. ఒక్కోదానికీ వివరణ. తిరుగులేని సమాధానం అనుకున్నాను. అతను రిబ్బన్ లోపల పెట్టి బైబిలు మూశాడు. "కరెక్టే అన్నా" అన్నాడు. మళ్లీ రాలేదు. నాలుగు వారాలు అతని కుర్చీ ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఎవరో దాన్ని మడిచి గోడకు ఆనించారు.

యాకోబు 4:3లో ఏముందో గుర్తున్నవాళ్లకు నేను చేసిన పని ఎంత ఘోరమో తెలుస్తుంది. మీరు దురుద్దేశంతో అడుగుతున్నారు కాబట్టే మీకు దొరకడం లేదు అంటుంది ఆ వచనం. తల్లి పోయిన పిల్లవాడికి చదివి వినిపించాల్సిన వచనమా అది!

ఆ తర్వాత కొన్ని నెలలు పాఠం చెప్పడమే మానేశాను. చెప్పడం నాకు రాదేమో అనుకున్నాను. నిజానికి నాకు రానిది చెప్పడం కాదు, ఎదురుగా ఉన్న మనిషిని చూడడం. బోధించేవాళ్లు మధ్యలో వదిలేయడానికి కారణం జ్ఞానం చాలకపోవడం అని చాలామంది అనుకుంటారు. నేను చూసినంతలో అది అరుదు. ఫలితం మన చేతిలో ఉందనుకుని బరువంతా మోయడం ఒక కారణం, మనుషుల్ని వదిలి పాఠాన్ని ప్రేమించడం ఇంకొకటి. ఈ రెండూ సరిచేసుకుంటే ఓపిక దానంతట అదే వస్తుందని చెప్పను గానీ, కనీసం కారిపోకుండా ఉంటుంది. సండే స్కూల్ చెప్పేవాళ్లకు, ఇంట్లో కుటుంబ ప్రార్థన నడిపేవాళ్లకు, యూత్ మీటింగుల్లో మాట్లాడేవాళ్లకు, ఒక్క స్నేహితుడితో వారం వారం కూర్చునేవాళ్లకు పనికొస్తుందని నేను నేర్చుకున్న క్రమం రాస్తున్నాను.

మొదటి అడుగు: పాఠం పేరు కాదు, మనిషి పేరు రాయండి

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. వచ్చే వారం ఏ అధ్యాయం చెప్పాలి అని కాకుండా, ఎవరికి చెప్పబోతున్నారో వాళ్ల పేర్లు రాయండి. ఒక్కో పేరు కింద రెండు లైన్లు చాలు. ఈ మనిషి ఇప్పుడు దేనితో సతమతమవుతున్నాడు? పోయినసారి ఏమడిగాడు? పేరు పక్కన రాయడానికి మీ దగ్గర ఏమీ లేకపోతే, ఆ మనిషి మీకు తెలియదన్నమాట. ఆ వారం పాఠం తయారు చేసే ముందు అతనికి ఒక ఫోన్ చేయండి. వాక్యం గురించి కాదు, ఊరికే.

ఆ పేర్లు చూస్తూ ప్రార్థన చేయండి. "ప్రభువా, నా పాఠాన్ని ఆశీర్వదించు" అన్న ప్రార్థన నేను ఏళ్ల తరబడి చేశాను. పేర్లు పెట్టి ప్రార్థించడం మొదలుపెట్టాక పాఠమే మారిపోయింది. భర్తకు ఉద్యోగం పోయిన ఆవిడ పేరు పది నిమిషాలు నా ముందు ఉన్నాక, దశమ భాగం గురించి సరదా ఉదాహరణలు రాసుకోవడానికి చెయ్యి రాలేదు.

పౌలు థెస్సలొనీక వాళ్లకు రాస్తూ, తల్లి తన పిల్లల్ని పెంచినట్టు మీ మధ్య ఉన్నాం అంటాడు. సువార్త మాత్రమే కాదు, మా ప్రాణాలు కూడా మీకు ఇవ్వడానికి సిద్ధపడ్డాం అంటాడు (1 థెస్స 2:7, 8). వరస గమనించండి: సువార్త ఇచ్చాను, ఇక నా పని అయిపోయింది అనలేదు.

రెండో అడుగు: మీ పని ఏదో, ఏది కాదో తేల్చుకోండి

మార్కు 4వ అధ్యాయంలో ఒక చిన్న ఉపమానం ఉంది. విత్తేవాడి ఉపమానం అందరికీ తెలుసు. దాని తర్వాత వచ్చేది ఇది. ఒకడు విత్తనం చల్లి, రాత్రి పడుకుంటాడు, పగలు లేస్తాడు. విత్తనం మొలుస్తుంది, ఎలా మొలిచిందో అతనికే తెలియదు. ముందు మొలక, తర్వాత వెన్ను, ఆ తర్వాత వెన్నులో గింజలు. ఈ రైతు చేసిన మంచి పనుల్లో నిద్రపోవడం కూడా ఒకటి! మనలో కొందరం రాత్రికి రాత్రి లేచి మట్టి తవ్వి, మొలిచిందా లేదా అని చూస్తాం. "పోయిన వారం చెప్పాను కదా, ఇంకా మారలేదేంటి?" అనేది అలాంటి తవ్వకమే.

నేను నాటాను, అపొల్లో (ఇంకో బోధకుడు) నీళ్లు పోశాడు, వృద్ధి కలిగించింది దేవుడు అని పౌలు కొరింథీయులకు రాశాడు. పౌలు కొరింథులో ఏడాదిన్నర కూర్చుని బోధించాడు. ఎఫెసులో తురన్ను పాఠశాలలో రెండేళ్లపాటు రోజూ మాట్లాడాడు. యిర్మీయా ప్రవక్త అయితే 23 ఏళ్లు పెందలకడ లేచి చెప్పానని, మీరు వినలేదని 25వ అధ్యాయంలో అంటాడు. 23 ఏళ్లు! ఆ లెక్క ఆయన దాచుకోలేదు. అలాగని తన పని వృథా అని మానేయనూ లేదు.

దగ్గరి చరిత్రలో ఇంగ్లాండు మిషనరీ విలియం కేరీ 1793లో బెంగాల్ చేరాడు. అక్కడ ఆయన చూసిన మొదటి బెంగాలీ బాప్తిస్మం, కృష్ణ పాల్ అనే వడ్రంగిది, 1800 డిసెంబరులో జరిగింది. మధ్యలో ఏడేళ్లు. ఆ ఏడేళ్లలో కేరీ కొడుకు ఒకడు చనిపోయాడు, భార్య మానసిక ఆరోగ్యం పూర్తిగా దెబ్బతింది. ఈ సంగతి గొప్పగా చెప్పుకోవడానికి రాయడం లేదు. సాక్ష్యాల్లో మనం ఏడేళ్లని ఒక వాక్యంలో చెప్పేసి బాప్తిస్మం దగ్గరికి పరుగెత్తుతాం. వింటున్న బోధకుడేమో, నాకు రెండేళ్లయినా ఏమీ జరగలేదే అని కుంగిపోతాడు.

కాబట్టి నోట్‌బుక్‌లో ఇంకో పేజీ తీసి, ఈ వారం నేను చేయాల్సినవి అని రాయండి: సిద్ధపడడం, సమయానికి వెళ్లడం, వినడం, స్పష్టంగా చెప్పడం, ప్రార్థించడం. మారుమనస్సు కలిగించడం ఆ పేజీలో ఉండదు. 2 తిమోతి 2:25 ప్రకారం అది దేవుడు దయచేసేది.

మూడో అడుగు: పాఠాన్ని సగానికి కోయండి

ఒక గంట పాఠానికి ఒక భాగం, అందులో ఒక ముఖ్యమైన మాట. అంతే. సిద్ధపడినప్పుడు మనకు దొరికినవన్నీ చెప్పాలనిపిస్తుంది, అవన్నీ కష్టపడి వెతికినవి కదా. త్రోయ అనే ఊళ్లో పౌలు అర్ధరాత్రి దాకా మాట్లాడితే, కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి కింద పడ్డాడు. పౌలంతటివాడు చెబుతుంటేనే నిద్ర వచ్చింది. మనం నలభై నిమిషాల్లో ఆపడం మంచిది.

సిద్ధపాటు ఇలా చేయండి. భాగాన్ని వచనం నంబర్లు పట్టించుకోకుండా మూడుసార్లు పైకి చదవండి. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారు, ముందు ఏం జరిగింది, ఏ మాట మళ్లీ మళ్లీ వచ్చింది అని చూడండి. తర్వాత ఆ భాగం ఏం చెబుతోందో ఒక్క వాక్యంలో రాయండి. రాయలేకపోతే మీకింకా అర్థం కాలేదని గుర్తు. ఇక మిగిలిన నోట్సులో ఆ వాక్యానికి పనికిరానిదంతా కొట్టేయండి. నొప్పిగానే ఉంటుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, మన భాష. మనం చదివే బైబిలు తెలుగు పాతది, దానికో అందం ఉంది, నాకు చాలా ఇష్టం. కానీ చిన్నప్పటి నుంచి చర్చిలో పెరిగినవాళ్లకు తప్ప అందులో చాలా మాటలు అందవు. ఒకసారి సండే స్కూల్లో ఎనిమిదేళ్ల పాప లేచి అడిగింది: "దేవుడికి మహిమలు ఉంటాయి కదా, మళ్లీ మనం మహిమ ఇవ్వడమేంటి?" బయట తెలుగులో మహిమ అంటే అద్భుత శక్తి. మనం దేవునికి మహిమ అని రోజుకు పదిసార్లు అంటాం, అర్థం మాత్రం ఎప్పుడూ చెప్పలేదు. ఆ రోజు నేను తడబడి, ఆయన ఎంత గొప్పవాడో ఒప్పుకుని నలుగురికీ చెప్పడం అన్నాను. పాప తల ఊపింది గానీ పూర్తిగా నమ్మినట్టు కనిపించలేదు. మారుమనస్సు అంటే ఏడవడం అనుకున్న పెద్దవాళ్లు కూడా ఉన్నారు. నిజానికి అది దారి మార్చుకుని దేవుని వైపు తిరగడం. నీతిమంతులుగా తీర్చబడుట, ప్రాయశ్చిత్తం, పరిశుద్ధపరచబడుట లాంటివి పాఠంలో వస్తే, ఆ మాట పక్కన ఇంట్లో మాట్లాడే తెలుగులో ఒక లైను ముందే రాసుకోండి.

నాలుగో అడుగు: ముందు అడగండి, తర్వాత ఆగండి

యేసు సిలువ మరణం తర్వాత ఎమ్మాయు అనే ఊరికి నడుస్తున్న ఇద్దరు శిష్యులతో, తిరిగి లేచిన యేసు వాళ్లు గుర్తుపట్టకుండానే కలిసి నడిచిన కథలో ఒక విచిత్రం ఉంది. యెరూషలేములో ఏం జరిగిందో ఆ దారిలో అందరికంటే బాగా తెలిసినవాడు యేసు. ఆయనే "అవి ఏవి?" అని అడుగుతాడు. వాళ్లు తమకు తెలిసిందంతా, తాము పెట్టుకున్న ఆశతో సహా, చెప్పేదాకా వింటాడు. లేఖనాలు విప్పి చెప్పడం ఆ తర్వాతే. గద్దించాడు కూడా, కానీ విన్నాక గద్దించాడు.

నాకు ఆ కుర్రాడి దగ్గర తప్పిపోయింది ఇదే. అతను అడిగింది సిద్ధాంతం కాదు. "అమ్మ ఎప్పుడు పోయింది? ఏమైంది?" అని నేను అడిగి ఉంటే ఆ సాయంత్రం ఇంకోలా ఉండేది.

పద్ధతి చెబుతాను. మీరడిగే ప్రశ్నకు అవును, కాదు అనే జవాబు రాకూడదు. "యేసు మనల్ని ప్రేమించాడా లేదా?" అంటే అందరూ ప్రేమించాడు అంటారు, అక్కడితో అయిపోతుంది. "ఈ మనిషి యేసు దగ్గరికి రాత్రిపూట ఎందుకు వచ్చి ఉంటాడు?" అంటే ఆలోచిస్తారు. అడిగాక మనసులో పది లెక్కపెట్టండి. ఆ నిశ్శబ్దం మీకు భరించలేనట్టు ఉంటుంది, వాళ్లకు ఉండదు, వాళ్లు ఆలోచిస్తున్నారు. తప్పు జవాబు వస్తే "కాదు" అని వెంటనే అనకుండా "ఏ వచనంలో అలా అనిపించింది?" అనండి. చాలాసార్లు చూపించబోయి వాళ్లే దిద్దుకుంటారు. అప్పుడప్పుడూ వాళ్లే కరెక్టని తేలుతుంది, అదీ మంచిదే.

మీకు తెలియని ప్రశ్న వస్తే "నాకు తెలియదు, చూసి వచ్చే వారం చెప్తాను" అనండి. ఇందులో సిగ్గుపడాల్సింది లేదు. కానీ వచ్చే వారం నిజంగా చెప్పండి. అడిగినవాళ్లు మరిచిపోయి ఉన్నా సరే.

ఐదో అడుగు: దిద్దేటప్పుడు పక్కకు పిలవండి

అపొల్లో మంచి వక్త, లేఖనాల్లో దిట్ట. కానీ అతనికి బాప్తిస్మమిచ్చు యోహాను ఇచ్చిన బాప్తిస్మం వరకే తెలుసు. ఎఫెసు సమాజమందిరంలో అతను మాట్లాడుతుంటే అకుల, ప్రిస్కిల్ల విన్నారు. అక్కడే లేచి సరిదిద్దలేదు. అతన్ని తమతో చేర్చుకుని, దేవుని మార్గం ఇంకా పూర్తిగా వివరించారు (అపొ. కార్యములు 18:26). గుడారాలు కుట్టి బతికే దంపతులు పెద్ద వక్తకు పాఠం చెప్పారు, అతను విన్నాడు. దిద్దేవాళ్ల మర్యాదలాగే దిద్దించుకున్నవాడి వినయం కూడా నాకు నచ్చుతుంది.

వాట్సాప్ గ్రూపుల్లో మనం చేసేది దీనికి సరిగ్గా ఎదురు. ఎవరో ఒక పోస్టు పెడతారు, అందులో ఒక పొరపాటు ఉంటుంది, రెండు వందల మంది ముందు మనం వచనాలతో విరుచుకుపడతాం. గ్రూపులో వాదన గెలవడం వల్ల ఒక మనిషి మెత్తబడడం నేనింతవరకూ చూడలేదు. విడిగా ఫోన్ చేయండి. ఫోన్ చేసే ఓపిక లేకపోతే, ఆ రోజుకు దిద్దడం కూడా మానేయండి.

వేరే విశ్వాసం ఉన్నవాళ్లతోనూ అంతే. 1 పేతురు 3:15లో సమాధానం చెప్పడానికి సిద్ధంగా ఉండమన్న మాట మనకు కంఠస్థం. సాత్వికంతో, భయంతో చెప్పమన్నది కూడా ఆ వాక్యంలోదే. వాళ్లు పవిత్రంగా భావించేవాటిని ఎగతాళి చేస్తూ మొదలుపెట్టే సంభాషణ అక్కడే చచ్చిపోతుంది.

ఆరో అడుగు: వద్దంటే వదిలేయండి, మనిషిని మాత్రం కాదు

నిత్యజీవం కోసం యేసు దగ్గరికి వచ్చిన ఒక ధనవంతుడైన యువకుడు, ఆస్తి అమ్మి పేదలకు ఇమ్మనగానే ముఖం చిన్నబుచ్చుకుని వెళ్లిపోయాడు. యేసు అతన్ని చూసి ప్రేమించాడని మార్కు 10:21 చెబుతుంది. అయినా వెంటపడలేదు. షరతు తగ్గించి మళ్లీ పిలవలేదు, వెనక నుంచి తిట్టనూ లేదు.

ఎవరైనా "ఇక ఈ విషయం వద్దు" అంటే అక్కడితో ఆపేయండి. కానీ వాళ్లింట్లో జ్వరం వస్తే వెళ్లండి, పెళ్లికి పిలిస్తే వెళ్లండి. సాయం చేసేటప్పుడు చర్చికి రావాలన్న మెలిక పెట్టకండి. అలాంటి సాయం బేరం అవుతుంది, అవతలివాళ్లు అది వెంటనే కనిపెడతారు. నీకొదేము అనే పరిసయ్యుడు యోహాను 3లో రాత్రి యేసు దగ్గరికి వచ్చి, తెలిసీ తెలియని ప్రశ్నలు అడిగి వెళ్లిపోయాడు. అతను నమ్మాడని ఆ అధ్యాయం చెప్పదు. 7వ అధ్యాయంలో తోటి పరిసయ్యుల ముందు యేసు తరఫున ఒక్క మాట అన్నాడు. 19వ అధ్యాయంలో శిష్యులు పరారైన వేళ బోళం, అగరు పట్టుకుని యేసును సమాధి చేయడానికి వచ్చాడు. ఆ రాత్రి సంభాషణనే చివరిదనుకుంటే అది విఫలమైన పాఠమే కదా.

ఏడో అడుగు: మీరే ఎండిపోయినప్పుడు

సుమారు క్రీ.శ. 400లో ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజిలో దేవొగ్రాతియాస్ అనే డీకన్ (సంఘ పరిచారకుడు) ఉండేవాడు. కొత్తగా వచ్చేవాళ్లకు విశ్వాసంలో మొదటి పాఠాలు చెప్పడం అతని పని. తన పాఠం తనకే చప్పగా ఉందని, చెప్పిందే చెప్పి విసుగొస్తోందని హిప్పో బిషప్పు అగస్టీనుకు మొరపెట్టుకున్నాడు. పదహారు వందల ఏళ్ల కిందటి ఆ బాధ చదివి నాకు నవ్వొచ్చింది, ధైర్యమూ వచ్చింది.

అగస్టీను ఇచ్చిన జవాబు చిన్న పుస్తకమంత ఉంటుంది. నా ప్రసంగం నాకు కూడా దాదాపు ఎప్పుడూ నచ్చదు అని మొదలుపెడతాడు. మనకు నచ్చలేదు కాబట్టి వినేవాళ్లకూ నచ్చలేదనుకోవద్దు అంటాడు. రోజూ చూసి పట్టించుకోని అందమైన చోట్లను, మొదటిసారి వచ్చిన స్నేహితుడికి చూపించేటప్పుడు అతని సంతోషం మనకూ అంటుకుని అవి మళ్లీ కొత్తవవుతాయి కదా, పాత పాఠం చెప్పడమూ అంతే అంటాడు. ఎంత ఎక్కువ ప్రేమిస్తే అంత ఎక్కువ కొత్తవవుతాయట. ఇంకా నాకు బాగా నచ్చింది, వినేవాడు నిలబడి అలసిపోయాడేమో చూసి కూర్చోబెట్టమనడం. అంత గొప్ప వేదాంతి కుర్చీ గురించి ఆలోచించాడు.

అలసట అన్నిసార్లూ ఆత్మీయమైనది కాదు. ఏలీయా ప్రవక్త ఇక చాలు, నా ప్రాణం తీసుకో అని చెట్టు కింద పడుకుంటే, దేవుడు ముందు పంపింది ప్రసంగం కాదు, రొట్టె, నీళ్లు. తిని మళ్లీ పడుకున్నాడు. దూత మళ్లీ లేపి మళ్లీ తినిపించాడు. మీరు ఉద్యోగం నుంచి నేరుగా పాఠానికి పరుగెత్తుతూ, రాత్రి పదకొండింటికి ఇంటికి చేరుతూ, నాలో ఆసక్తి చల్లారిపోయిందని ఏడుస్తుంటే, ముందు ఒక వారం నిద్రపోయి చూడండి.

స్టడీకి ముగింపు తేదీ పెట్టడం కూడా మేలు చేస్తుంది. "మార్కు సువార్త, ఎనిమిది వారాలు, తర్వాత రెండు వారాలు సెలవు" అంటే చెప్పేవాళ్లకు ఊపిరాడుతుంది, వచ్చేవాళ్లకు టెన్షన్ తగ్గుతుంది. వచ్చింది ఇద్దరే అయినా అదే సమయానికి మొదలుపెట్టండి. బోధించడానికి కాకుండా మీ కోసమే చదువుకునే భాగం ఒకటి వేరుగా ఉంచుకోండి, దాని నోట్సు ఎవరికీ చెప్పకండి. ఇక మీతోపాటు ఒకరిని కూర్చోబెట్టుకుని, నెలకోసారి వాళ్ల చేత చెప్పించండి. ఏలీయాకు కూడా ఆ తర్వాత హోరేబు కొండ మీద, తన పని అందుకోబోయే ఎలీషా పేరు దొరికింది.

ఎనిమిదో అడుగు: అలసిన ఇంకో బోధకుణ్ణి లేపండి

పౌలు తోటి పనివాడు బర్నబా అసలు పేరు యోసేపు. అపొస్తలులు పెట్టిన ఆ పేరుకు మన బైబిల్లో "హెచ్చరిక పుత్రుడు" అని ఉంటుంది. ఇప్పటి తెలుగులో హెచ్చరిక అంటే ప్రమాద సూచన, అందుకే చదివినవాళ్లు ఆయన బెదిరించే మనిషి అనుకుంటారు. అక్కడి అర్థం ధైర్యం చెప్పి నిలబెట్టడం. వాళ్లతో వెళ్లిన మార్కు అనే సహాయకుడు పంఫూలియ ప్రాంతంలో పని మధ్యలో వదిలి వెళ్లిపోయినప్పుడు, పౌలు అతన్ని మళ్లీ తీసుకెళ్లనన్నాడు. బర్నబా తీసుకెళ్లాడు. దాని కోసం పౌలుతోనే విడిపోయాడు. చివరికి చెరసాల నుంచి పౌలే, మార్కును వెంటబెట్టుకుని రా, అతను నాకు ప్రయోజనకరమైనవాడు అని రాశాడు.

మీ సంఘంలో పాఠం చెప్పడం మానేసిన అక్కనో అన్ననో గుర్తు చేసుకోండి. వెళ్లి "మీరు బాగా చెప్పేవారు" అనకండి, అది మర్యాదకు అనే మాటలా వినిపిస్తుంది. మీకు గుర్తున్న ఒక పాఠం చెప్పండి, అది మీలో ఎక్కడ పని చేసిందో చెప్పండి. ఎందుకు మానేశారో అడగండి, అడిగాక ఎదురు చెప్పకుండా వినండి. మళ్లీ మొదలుపెట్టమని ఆ రోజే అడగొద్దు. వచ్చే నెల ఒక ఆదివారం, ఐదుగురు పిల్లలకు, ఇరవై నిమిషాలు, నేనూ పక్కనే ఉంటాను అని తర్వాత అడగండి. చిన్న పని అయితే ఒప్పుకుంటారు.

నన్ను మళ్లీ పాఠానికి కూర్చోబెట్టింది ఒక పెద్దావిడ. ఆవిడకు చదువు రాదు. ఒకరోజు ప్రార్థన అయ్యాక నా చెయ్యి పట్టుకుని, "ఎమ్మాయు దారి గురించి నువ్వు చెప్పింది మా మనవడికి చెప్పాను బాబూ, ఆ ఊరి పేరు మాత్రం నోరు తిరగలేదు. మళ్లీ ఒకసారి చెప్పు" అంది. చెప్పాను. మూడుసార్లు పలికించుకుంది.